క్యారియర్ వెచ్చబెట్టే చోటు

బేతంచెర్ల దగ్గరి సిమెంటు ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లుగా బాయిలర్ నాది. నాదంటే కంపెనీదేలెండి, కానీ దాని చప్పుడు విని రోగం చెప్పేది ఈ ఓబుళేశే. కరెంటు కోసం బొగ్గుతో నడిచే రెండో బాయిలర్ పెడతామని, దానికి నన్నే పెద్దను చేస్తామని పోయినేడు మాటిచ్చారు. మా ఆవిడ సిద్దమ్మ ఆ సంగతి వీధంతా చాటేసింది కూడా.

అంతలో ఢిల్లీ నుంచి కొత్త రూలు ఊడిపడింది. టన్ను సిమెంటుకు ఇంతే పొగ వదలాలట. హద్దు దాటితే, తక్కువ వదిలిన ఫ్యాక్టరీ దగ్గర మిగులు కొనుక్కోవాలి. మనకే మిగిలితే అమ్ముకోవచ్చు. పొగకు బేరమేమిటని నాకు ఒళ్లు మండింది. బొగ్గు బాయిలర్ పెడితే ఏటా కొంటూనే ఉండాలని కంపెనీ పెద్దలు దాన్ని మానేశారు. సున్నపురాయి కాల్చే కొలిమి నుంచి వృథాగా పోయే వేడితో కరెంటు తీస్తారట. ఇక పాత బాయిలర్‌నీ ఆపేస్తారనుకున్నాను, బొగ్గు లేకపోతే నేనెందుకు? ఆ వారమంతా నాకు సంగటి గొంతు దిగలేదు.

ఆ పని మీద కర్నూలు నుంచి శివాని అనే ఇంజనీరు వచ్చింది. వేడి ఎక్కడ ఎక్కువుందో చూడాలని, మీటరు పట్టుకుని పొద్దున్నుంచి నన్ను వెంట తిప్పుకుంది. విసుగొచ్చి, కొలిమి వెనక పెద్ద గొట్టం పక్కన పెట్టిన నా క్యారియర్ తీసుకున్నాను. అక్కడెందుకు పెట్టావని అడిగింది. మూడు షిఫ్టుల వాళ్లమూ అక్కడే వెచ్చబెట్టుకుంటామని చెప్పాను. మెట్ల దగ్గరైతే పది నిమిషాలు పడుతుంది, ఇంకాస్త పైన ఐదు, వంపు దగ్గర పెడితే సంగటి మాడిపోతుంది.

ఆమె వంపు దగ్గర మీటరు పెట్టి చూసి నవ్వింది.

"నాకు మాడే చోటే కావాల. ఇన్నేండ్ల లెక్కంతా నీ కాడనే ఉండాదే, ఓబుళేశన్నా."

"రాసుకోండి మేడమ్. నేనెట్లాగూ పోయేవాన్నే గదా."

"యాడికి పోతావు? ఈడ పెట్టేదీ బాయిలరే. సర్టిఫికెట్ ఉండే మనిషి లేకుంటే నడిపేకి కాదు."

సిగ్గుతో చచ్చిపోయాను. ఇన్నేళ్లు బాయిలర్ నడిపి, నీళ్లు మరగడానికి కావలసింది వేడేనని మరిచిపోయానే!

ఈ నెలలో కొత్త బాయిలర్ మొదలైంది, పెద్దను నేనే. గొట్టం చుట్టూ మందంగా పొరలు చుట్టేశారు, బయటికి వేడి రానే రాదు. అక్కడ క్యారియర్లు పెట్టకూడదని బోర్డు రాయించింది కూడా నేనే, మూడు షిఫ్టుల వాళ్లూ తిట్టుకుంటున్నారు. బాయిలర్ మొదలైన రోజు మధ్యాహ్నం క్యారియర్ విప్పితే సంగటి చల్లగా, గట్టిగా ఉంది. రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.