ముసలమ్మ ఏమంది?

మా ఆయన పోయాక అత్తయ్య నన్ను మొదట అడిగింది పుస్తకం గురించే.

"వాడు చదువుతున్న నవల సగంలో ఉంది. మిగతాది నువ్వు చదివిపెట్టు తల్లీ."

చూపు మందగించినప్పటి నుంచి ఆవిడకు సాయంత్రాలు కొడుకే చదివి వినిపించేవారు. ఆయన బస్సు కండక్టరు. ఆ వేళకు నేను వంటింట్లోనో, పిల్లల జవాబు పత్రాల ముందో ఉండేదాన్ని. ఆయన గొంతు వినిపించేది. కథ మాత్రం ఎన్నడూ వినలేదు.

గుర్తుగా టికెట్టు ముక్క పెట్టి ఉన్నచోట తెరిచాను. పిల్లలకు చదవడం నేర్పడమే నా ఉద్యోగం. తప్పు పోకుండా, తడబడకుండా రెండు పేజీలు చదివి, అలవాటుకొద్దీ "ఇంతవరకు అర్థమైందా?" అన్నాను.

"కాలేదంటే బెంచీ ఎక్కిస్తావా ఏంటి?" అంది అత్తయ్య. "అది సరే, ముసలమ్మ ఏమంది?"

"ఏ ముసలమ్మ?"

"అదేనే, ఆ దుకాణం అబ్బాయి వాళ్లమ్మ. ఇల్లు అమ్మేస్తానని వాడంటే ఊరుకుందా? నోరు మూసుకునే మనిషి కాదే!"

పేజీలు వెనక్కి తిప్పాను. ఆ తల్లి కథ మొదట్లోనే జ్వరంతో చనిపోయింది.

మా ఆయన ఆ చావును చదవలేదు. ఆ పేజీలు దాటేసి, అక్కడి నుంచి ప్రతి అధ్యాయంలోనూ ఆమెకు మాటలు తనే కల్పిస్తూ వచ్చారు.

"ఏమైంది, ఆగిపోయావు?"

పాఠంలో లేని మాట పిల్లలు చదివితే, అచ్చు మీద వేలు పెట్టి చూపిస్తాను. ఉన్నదే చదవమంటాను. ఇప్పుడు ఉన్నది చదివితే, ఈవిడకు ఇంకో చావు కబురు నా నోటితోనే చెప్పాలి. తలెత్తాను. అత్తయ్య ముఖం నా వైపే తిరిగి ఉంది, నవ్వడానికి సిద్ధంగా. చదివినంతసేపూ ఆ ముఖాన్ని ఒక్కసారైనా చూడలేదు నేను. ఆయన చూస్తూ చదివి ఉంటారు.

"ముసలమ్మ ఏమందంటే..." కళ్లు అచ్చు మీదికి దించాను. "'నీ ఇష్టం నాయనా. నువ్వు చల్లగా ఉంటే నాకంతే చాలు.'"

"ఛ, ఆవిడకు అంత మంచితనం ఎక్కడిదీ? సరిగ్గా చూసి చదువు."

ఈసారి అత్తయ్యనే చూస్తూ అన్నాను.

"'అమ్ముకోరా, అమ్ముకో. నన్నూ కలిపే బేరం పెట్టు. ఈ మోకాళ్లను ఎవడు కొంటాడో నేనూ చూస్తాను.'"

అత్తయ్య పకపకా నవ్వింది. ఆయన పోయాక ఈ ఇంట్లో ఎవరమైనా నవ్వడం అదే మొదలు. నవ్వుతూనే కళ్లు ఒత్తుకుంది.

"ఉందన్నమాట," అంది నెమ్మదిగా. "వాడితోపాటే ఈవిడా పోయిందేమోనని భయపడ్డానే."

ఆవిడ కళ్లు తుడుచుకునేదాకా ఆగి, తరువాతి వాక్యం అందుకున్నాను.