బోర్లించిన గుల్ల

పొద్దున లేవగానే నాగులమ్మ ఇల్లు చిమ్ముతుంది. ఆ తర్వాత మంచం కింద బోర్లించిన శంఖంలాంటి గుల్ల బోర్లించినట్టే ఉందో లేదో చూసుకుంటుంది. అందులో ఆమె మొగుడు చెంచయ్య ఉన్నాడు. ఆ ఊళ్లో పోయినవాళ్ల మాట గుల్లలోకి చేరుతుంది. అడిగితే చెపుతారు. బతికుండగా చెంచయ్య నలుగురిలో ఆమె చేపల పులుసును కుడితి అన్నాడు. పోయిన రోజే గుల్ల బోర్లించింది. పదకొండేళ్లయినా తిప్పలేదు.

పోయినేడు స్టూడియో సుశీల్ కుమార్ పెద్ద హార్డ్ డిస్క్ తెచ్చి ఇంటింటి గుల్లా రికార్డు చేసినాడు.

"ఇరవై టీబీ అవ్వా! ఊరంతా పట్టినా ఇంకా చోటుంటాది."

"ఇంకోదాంట్లో కూడా ఎక్కించు," అంది నాగులమ్మ.

"రెండు రోజులు పడతాది. ఈ కరెంటుతోనా?"

"తోడబుట్టినోళ్లిద్దర్ని ఒకే పడవ ఎక్కనియ్యమే, పెద్దోళ్లందర్నీ ఒకే డబ్బా ఎక్కిస్తావా? బుద్ధుందా నీకు?"

వాడు నవ్వినాడు. ఊరూ నవ్వింది. ఇక డబ్బాలో ఉన్నాయి గదా అని గుల్లలన్నీ సున్నపు బట్టీకి తోలేసినారు. నాగులమ్మ మాత్రం తనది ఇవ్వలేదు, ఆ నవ్వు మరిచిపోనూ లేదు.

ఇప్పుడు పక్క ఊరోళ్లు ఉప్పుమడుగు తమదన్నారు. పులికాట్ నీళ్లలో వంతులవారీగా వల వేసే చోటది. ఈసారి వంతు నాగులమ్మ కొడుకు పెంచల్‌ది. అది పోతే వాడికి ముత్తుకూరు పోయి రేవులో బొగ్గు మోసే పనే గతి. హద్దు రాళ్లు పాతిన పెద్దోళ్ల మాట వినిపిస్తే ఒప్పుకుంటామని పక్క ఊరి పెద్దలు వచ్చి కూర్చున్నారు.

సుశీల్ డబ్బా తగిలించినాడు. టిక్కుమంది. మళ్లీ టిక్కుమంది. అంతే.

"పడలేదు, తడవలేదు పెద్దయ్యా. దానంతటదే పోయింది."

"మధ్యలో ఒకసారన్నా తెరిచి చూసినావా?" అన్నాడు ఊరిపెద్ద కామాక్షయ్య.

వాడు వైరు పీకి మళ్లీ తగిలించినాడు.

నాగులమ్మ లేచింది. "మా అత్త, మా నాయన, మీ అమ్మ, అందరూ సున్నమైపోయినారు. గోడలకి పూసుకున్నారు గదా, పోయి గోడకి చెవి పెట్టండి!"

"వదినా," కామాక్షయ్య గొంతు తగ్గించినాడు, "ఆ రాళ్లు పాతినోళ్లలో అన్న ఉండాడు గదా."

"ఉండాడు, బోర్లా! కుడితి అన్నప్పుడు ముందు నవ్వింది నువ్వే మరిదీ."

పెంచల్ అక్కడే ఉన్నాడు. పడవ గడ పట్టుకుని ఒంటికాలి మీద బరువేసి నిలబడినాడు. ఆ నిలబడడం అచ్చం చెంచయ్యదే. అదీ కోపమే ఆమెకి.

విసవిసా ఇంటికి పోయి, గుల్ల తెచ్చి, అందరి ముందూ తిప్పింది. కాసేపు గాలి. తర్వాత మాట.

"నాగులూ... పదకొండేళ్లుగా మన్ను వాసనే. నీ పులుసే మేలు."

పక్క ఊరోళ్లు కూడా నవ్వినారు.

"ఆ సంగతి ఇంట్లో. ముందు హద్దు చెప్పు."

రాయి రాయికీ గురుతు చెప్పినాడు. పక్క ఊరోళ్లు ఒప్పుకుని లేచిపోయినారు. నాగులమ్మ లేవనియ్యలేదు తన ఊరిని. కొత్త గుల్లలు తెప్పించి, ఒక్కోదాని నోటి దగ్గర అదే హద్దు మాట చెంచయ్యతో ఒక్కోసారి చెప్పించింది. తొమ్మిది గుల్లలు, తొమ్మిది ఇళ్లకి. చేతులు పీకుతున్నా సుశీలే పట్టుకోవాల్సి వచ్చింది.

పెంచల్ గడ వేసి ఉప్పుమడుక్కి పోయినాడు.

సాయంత్రం నాగులమ్మ గుల్లను నోరు పైకి పెట్టి పొయ్యి పక్కన కూర్చోబెట్టింది. పులుసు మరుగుతోంది.

"ఊ," అంది గరిటె చూపిస్తూ, "ఇప్పుడను, కుడితని."