ఎడమ పీట

సరోజన తెల్లారకముందే లేస్తుంది. లేచి కాసేపు మోకాళ్లు పట్టుకుని మంచం మీదే కూర్చుంటుంది. తర్వాత చాయ్ పెట్టుకుని, గ్లాసు పట్టుకుని, నడిమింట్లో ఉన్న మగ్గం గుంట దగ్గరికి వచ్చి, కుడి పీట మీద చతికిలబడి, వెండి కడియాల కాళ్లు నీళ్లలోకి దింపుతుంది. అప్పుడు కూతురు నవనీతను పిలుస్తుంది. కొత్తవాడలో ఆ ఇంటి పొద్దు ఏడాదిగా ఇలాగే మొదలవుతోంది.

గుంటలో ఇప్పుడు మగ్గం లేదు. చెదలు పట్టిన మగ్గాన్ని విప్పి వాకిట్లో పడేసిన నాడే అక్కడ నీళ్లు ఊరాయి. నల్లా పైపు పగిలిందేమోనని మున్సిపాలిటీ మనుషులు వచ్చి, నేలకు చెవి ఆనించి విని, ఏమీ పగల్లేదని తేల్చి, చాయ్ తాగి వెళ్లారు. పప్పు మెత్తగా ఉడుకుతుందని పక్కింటి సమ్మమ్మ రోజూ ఒక బిందె ముంచుకుపోతుంది. గుంట ఎంతో పెద్దది కాదు, ఇద్దరు పక్కపక్కన కూర్చుని కాళ్లు వేలాడేసేంత. లేచి నిలబడితే నీళ్లు నడుము దాకానే. కానీ అందులో ముందుకు ఈదడం మొదలుపెడితే మాత్రం ఎంత ఈదినా ఎదుటి గోడ రాదు. ఇంట్లో ఈతగాళ్లు ఉన్నప్పుడు గుంట ఆ మాత్రం సాయం చేయడంలో వింతేముందని వాడకట్టంతా అనుకుంది.

నవనీతకు ఆ సాయం లేకపోతే గడిచేది కాదు. ఆమె పగలంతా బట్టల షోరూంలో చీరలు విప్పి చూపించి, మళ్లీ మడతలు పెడుతుంది. కూర్చోవడానికి అక్కడ స్టూలు కూడా ఉండదు. ఈతకొలనులో ఆడవాళ్లకిచ్చే గంట సరిగ్గా ఆమె డ్యూటీ నడిమధ్యన పడుతుంది. అలసిన ఒంటికి ఇంకో అలసట ఎందుకమ్మా అని షోరూంలో తోటివాళ్లు నవ్వుతారు. ఎందుకో ఆమెకు తెలుసు. ట్రయథ్లాన్‌లో చెరువు ఈది, సైకిలు తొక్కి, పరుగెత్తి మొదటి ముగ్గురిలో వస్తే రాష్ట్ర జట్టులోకి తీసుకుంటారు. జట్టులో ఉన్నవాళ్లకు ఏటూరునాగారం ఆడపిల్లల హాస్టల్లో ఆటల టీచరు ఉద్యోగం ఉంది. వయసు ప్రకారం నవనీతకు ఈ ఏడే ఆఖరు.

సైకిలుకు, పరుగుకు ఆమెకు తిరుగులేదు. ముంచేది ఈతే. పోయినేడు ధర్మసాగర్ చెరువులో అందరూ దారి గుర్తుగా నీళ్ల మీద తేలగట్టిన నారింజ రంగు బుడగ వైపు ఈదుతుంటే, ఈమె ఒక్కతే కుడికి, కుడికి, ఇంకా కుడికి జరిగిపోయి తుంగలో చిక్కుకుంది. గడువు దాటాక పడవవాళ్లు ఎక్కించుకుని ఒడ్డుకు తెచ్చారు. సైకిలు ఎక్కే ముచ్చటే లేదు. ఆ సిగ్గు ఆమెకు ఇంకా ఆరలేదు.

ఆ కుడివైపు పిచ్చి ఎక్కడిదంటే మగ్గానిది. ఆ ఇంట్లో నేసినవి నేల మీద పరిచే జంపఖానాలు. వెడల్పాటి జంపఖానా ఒక్కరి వల్ల కాదు. ఇద్దరు పక్కపక్కన కూర్చుని, ఎవరి సగం వాళ్లు నేస్తూ, నూలు ఉండను మధ్యలో ఒకరి చేతిలోంచి ఒకరు అందుకోవాలి. కుడి పీట సరోజనది. ఎడమ పీట ఆమె మొగుడు వెంకటరాజంది. ఆయన పోయాక, పదో తరగతి పరీక్షలు అయిన వారానికే నవనీత ఎడమ పీట ఎక్కింది. వరుస వరుసకూ తల్లి “అందిందా?” అనేది. కూతురు కుడికి తల తిప్పి “అందింది” అనేది. ఏళ్ల తరబడి అలా తిరిగిన మెడ నీళ్లలో దిగాక కూడా అటే తిరిగింది. ఊపిరికని తల తిప్పితే కుడికే. తలతో భుజం, భుజంతో ఒళ్లు.

షోరూంకు సెలవుండే ఆదివారాల్లో కొలను దగ్గర నేర్పే చంద్రమౌళి సార్, రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి, మొదటిరోజే ఆమెను చూసి గట్టు మీద కూలబడ్డాడు.

“నవనీతా, నువ్వు ఈదుతలేవు, మగ్గం తొక్కుతానవ్,” అన్నాడు. “మోకాలు మడిచి తొక్కితే నీళ్లు నిన్నే ఆపుతయి. కాలు తుంటి కాడినుంచి కదలాలె. చెయ్యి ముందుకు పంపు. ఇంకా పంపు. నీళ్లు అందినంక లాగు, అందకముందే లాగకు.”

ఆమె నెలల తరబడి కాళ్ల చేత మగ్గం మరిపించింది. తల ఎత్తకుండా, అడుగు వైపే చూస్తూ, ఒళ్లు నీటి మీద పొడుగ్గా పరచడం నేర్చింది. చేతులకు నిదానం వచ్చింది. వింతగా, నిదానంతో పాటే వేగమూ వచ్చింది. మెడ ఒక్కటే మాట వినలేదు.

“మూడు చేతులేసినంక ఒక ఊపిరి,” అనేవాడు సార్. “ఒకపారి కుడి, ఒకపారి ఎడమ. అప్పుడే సీదా పోతవ్.”

“ఎడమకు తిరుగుతలేదు సార్.”

“తిరగకపోవుడేంది?”

“ఆ దిక్కు ఎవ్వలు లేరు సార్.”

చంద్రమౌళి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. “చెరువుల ఏ దిక్కుకూ ఎవ్వలుండరమ్మా,” అన్నాడు.

ఇంట్లో మాత్రం కుడి దిక్కున సరోజన ఉండేది. కూతురు ఈదుతూ ఈదుతూ గుంట కుడి గోడకు జరిగినప్పుడల్లా నీళ్లలో ఉన్న పాదంతో నడుము దగ్గర ఒక్క తోపు తోసేది. నవనీత మధ్యలోకి వచ్చేది. మళ్లీ జరిగేది, మళ్లీ తోపు. సరోజన అరికాళ్లు నాని నాని తెల్లగా ముడతలు పడ్డాయి. పగుళ్లలో నీళ్లు దిగి రాత్రుళ్లు సలిపేవి. ఆ సంగతి ఆమె చెప్పేది కాదు, నవనీత అడిగేదీ కాదు. అడిగితే ఈత మానాల్సి వస్తుందని ఆమె భయం.

పోటీకి వారం ముందు ఒక పొద్దున సరోజన కూర్చున్నచోటే కునికింది. తోసే కాలు లేక నవనీత మోచేయి గోడ రాళ్లకు గీసుకుపోయి, నీళ్లలో ఎర్రగా చార కట్టింది. ఆమె లేచి నిలబడి, నడుము లోతు నీళ్లలో తల్లినే చూసింది. నోరు కొద్దిగా తెరుచుకుని, చాయ్ గ్లాసు ఒళ్లో ఒరిగిపోయి, ఎంత ముసలిదైపోయింది.

“ఇగ చాలమ్మా,” అంది. “నాతోని కాదు.”

సరోజన కళ్లు తెరిచింది. “నాతోని గూడ అయితలేదు బిడ్డా.”

ఆ మాట నవనీత అనుకోలేదు. ఓదారుస్తుందనుకుంది, లేకపోతే తిడుతుందనుకుంది.

“ఎముకలు గుంజుతానయి,” అంది సరోజన. “నువ్వు గట్టెక్కితే నేను కాళ్లు బయటికి తీసుకుంట. ఎక్కకపోతే గిట్లనే కూసుంట. గంతే.”

నవనీతకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. “చెరువుల నన్ను నూకెటోళ్లెవ్వలే? నువ్వస్తవా?”

సరోజన ఒళ్లో ఒరిగిన గ్లాసు తీసి పక్కన పెట్టింది. ఒలికిన చాయ్ కొంగుతో తుడుచుకుంది.

మర్నాడు నవనీత లేచి వచ్చేసరికి కుడి పీట ఖాళీగా ఉంది. సరోజన ఎడమ పీట మీద కూర్చుని ఉంది.

మొగుడు బతికున్నప్పుడు గానీ, పోయాక గానీ సరోజన ఆ పీట మీద కూర్చున్నది లేదు. పని కోసం బిడ్డ కూర్చుంటే సరే, తను మాత్రం దుమ్ము దులిపేటప్పుడు కూడా దానికి కాలు తగలనిచ్చేది కాదు. ఇప్పుడు దాని అంచు మీద, సగం బరువు చేతుల మీద మోపుకుని, పరాయి ఇంట్లో కూర్చున్నట్టు కూర్చుంది.

“ఏందమ్మా ఆడ?”

“నీళ్లల్లకు దిగు. డ్యూటీకి యాళ్లయితది.”

నవనీత దిగింది. ఊపిరికి కుడికి తిరిగింది. బోడి పీట, దాని వెనక సున్నం రాలిన గోడ. అప్పుడు ఎడమ నుంచి, నీళ్ల మీదుగా వినిపించింది. “అందిందా?”

మెడ దానంతటదే ఎడమకు తిరిగింది. అలవాటు లేని వైపు కాబట్టి ఊపిరికి బదులు నీళ్లు మింగింది. దగ్గింది. మళ్లీ ఈదింది. అలవాటు కొద్దీ కుడికి, పిలుపు కొద్దీ ఎడమకు. వారం తిరిగేసరికి కుడి గోడ ఆమెకు తగలడం మానేసింది.

పోటీ రోజు సరోజన రాలేదు. బస్సు ఎక్కే ఓపిక లేదంది. నవనీత బతిమాలలేదు. చంద్రమౌళి సార్ తన స్కూటర్ మీద ఆమెను చెరువుకు తీసుకెళ్లాడు.

ఈల మోగగానే అందరూ ఒకేసారి నీళ్లలో పడ్డారు. ఎవరి కాలో మొహానికి తగిలింది, ఎవరి చెయ్యో వీపు మీద పడింది. మొదటి బుడగ దాకా గుంపుతో పాటు బాగానే పోయింది. బుడగ తిరిగాక ఎండ నేరుగా కళ్లలో పడింది. అందరూ ఎటు పోయారో తెలియలేదు. కుడికి తిరిగితే మట్టి రంగు నీళ్లు, దూరంగా పోయినేటి తుంగ. చేతులు బరువెక్కాయి. ఆగి పడవ కోసం చెయ్యి ఊపితే ఎంత హాయి అనుకుంది. నిజంగానే అనుకుంది.

మూడో చేతికి ఎడమకు తిరిగింది. పక్కనే, నీళ్లలో, ఒక పాదం ఉంది. మడమ పగుళ్లు, అరిగిన వెండి కడియం. ఆమెతో పాటే సాగుతోంది, ముందుకూ పోదు, వెనకా పడదు. నవనీత ఆశ్చర్యపోలేదు. ఆశ్చర్యపోయేంత ఊపిరి లేదు. మూడు చేతులకొకసారి అది ఉందో లేదో చూసుకుంటూ ఈదింది. ఉన్న ప్రతిసారీ చెయ్యి ఇంకాస్త ముందుకు పంపి, నీళ్లు అందాకే లాగింది. మోకాలికి బురద తగిలాక గానీ ఒడ్డు వచ్చిందని ఆమెకు తెలియలేదు. గడువు ఇంకా ఉంది. సైకిలు దగ్గరికి పరుగెత్తింది.

సైకిలు, పరుగు ముగిసేసరికి మూడో స్థానం వచ్చింది. చంద్రమౌళి సార్ వెనక్కి తిరిగి కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. గడపలో సమ్మమ్మ ఖాళీ బిందె చంకన పెట్టుకుని నిలబడి ఉంది.

“మీ అమ్మ పొద్దుగాల సంది గుంటలకెళ్లి కాళ్లు తియ్యలే బిడ్డా,” అంది. “చాయ్ తెచ్చిస్తే గూడ ముట్టలే. ఇప్పుడే పోయి మంచంల ఒరిగింది. నీళ్లు సుత పోయినయి సూడు.”

గుంట ఎండిపోయి ఉంది. అడుగున పాత నూలు పోగులు నాలుగు, పొడి మట్టి. ఇన్నాళ్ల ఈత అంతా ఆ జానెడు మట్టిలోనా అనుకుంది నవనీత. మంచం దగ్గరికి వెళ్లింది. సరోజన ఒకవైపు ఒరిగి, పాదాలు కిందికి వేలాడేసి నిద్రపోతోంది. కాళ్లకు చెరువు బురద. కడియానికి పచ్చటి నాచు చుట్టుకుని ఉంది.

నవనీత కింద కూర్చుని, మెడలో తువ్వాలు తీసి ఆ పాదాలు తుడిచింది. నాచు తీసి పక్కన పెట్టింది. కళ్లలోంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు.

“అందిందా?” అంది సరోజన, కళ్లు తెరవకుండానే.

“అందిందమ్మా.”

సరోజన కాళ్లు రెండూ మంచం మీదికి తీసుకుని గోడ వైపు తిరిగి పడుకుంది. మర్నాడు పొద్దెక్కినా లేవలేదు, హాయిగా గురక పెడుతూనే ఉంది. ఆ పొద్దు చాయ్ నవనీతే పెట్టింది.