పట్టులో చుట్టిన మల్లెలు

చైనాలో మూతపడబోతున్న ఒక పాత పట్టు మిల్లు మళ్లీ నిలబడాలట. అందుకోసం బర్మాలో, యాంగోన్‌లోని మా బట్టల కొట్టు నుంచి రోజూ వాళ్ల పట్టు చూపిస్తూ ఫేస్‌బుక్ లైవ్ పెట్టమన్నారు మిల్లువాళ్లు. మా బోటాటౌంగ్ పేటలో ఇంకెవరూ దొరకలేదు కాబోలు!

తలంటుకుని, జడలో మల్లెచెండు తురుముకుని, ఫోను ముందు ఎర్ర పట్టు తాను పరిచాను. ఎప్పుడూ పదిమంది కూడా చూడని లైవ్‌కి ఆ రోజు లైకులు కుప్పలుగా పడ్డాయి. "పూలు బాగున్నాయి, నీది ఎంత ధైర్యం" అని ఒకటే కామెంట్లు. పట్టు సంగతి ఒక్కరూ ఎత్తరే! నాకు ఒళ్లు మండింది.

లోపల్నుంచి మా ఆయన పరుగెత్తుకొచ్చి ఫోను లాక్కున్నాడు.

"మతి పోనాదేటి నీకు? సైన్యమోళ్లు జైల్లో ఎట్టిన ఆ నాయకురాలి పుట్టినరోజు ఇయ్యాల! ఆవిడలాగ జడలో పూలెట్టుకున్నోళ్లంతా ఆవిడ మనుసులని ఎత్తుకుపోతన్నారు."

"నాను రోజూ ఎట్టుకుంతాను కదా!"

"ఆళ్లకి తెలుసేటి?"

చెండు పీకి ఆ తానులోనే చుట్టేశాను. అంతలో బయట వ్యాను ఆగింది. లుంగీ కట్టుకున్న మనిషొకడు నవ్వుతూ లోపలికొచ్చి, ఖాళీగా ఉన్న నా జడ వైపు చూశాడు. కొట్టంతా మల్లె వాసన.

"వీడియోలో చూపించిన ఎర్ర పట్టు," అన్నాడు బర్మీస్‌లో, "ఒకసారి విప్పి చూపించండి."