పంటిగాట్లు

ఆ పొద్దున ఆకాశం ఎటూ తేల్చుకోలేదు. తూర్పున ఎర్రబడింది, పడమట మబ్బు కదలకుండా నిలబడింది. గాలి లేదు. గాలి లేని రోజు చెట్టెక్కడానికి మంచి రోజని కల్లు గీసే గౌడులు అంటారు.

నేను ఒక తాటిమట్టను. ఇప్పుడైతే జానెడున్నర పుల్లను. ఆ పొద్దున మాత్రం చెలక గట్టు మీద వంగి ఉండే తాడి, గూనిచెట్టు తలలో పచ్చగా, అంచున రంపపు పళ్ళతో ఉన్నాను.

సోమనర్సయ్య గౌడు పైకొచ్చాడు. నడుముకూ చెట్టుకూ కలిపి వేసుకున్న మోకు మీద వెనక్కి వాలి, గెల గీసి, కల్లు లొట్టి దింపబోయాడు. ఇరవై ఏళ్ళుగా పూటపూటా చేస్తున్న పనే. అప్పుడు ఆయన చూపు మోకు మీద ఆగింది. ఆ తాడు మడతలో నల్లటి గ్రీజు ఉంది. ఎండిన రేగడిమట్టి ఉంది. లోపలి పేట తెగి పోగులు లేచాయి.

"ట్రాక్టరుకు కట్టి గుంజిండా వీడు!" అన్నాడు తనలో తాను.

వీడంటే తమ్ముడు ఉపేందర్. ఊళ్ళో ట్రాక్టరు తోలేవాడు. అంతకుముందు సాయంత్రం బురదలో దిగబడ్డ బండిని లాగి, మోకును తెచ్చి కొయ్యకు తగిలించి, ఆ సంగతే మరిచిపోయాడు.

మోకు తెగింది. సోమనర్సయ్య నన్ను పట్టుకున్నాడు. నా పళ్ళు ఆయన అరచేతిని కోశాయి గాని ఆపలేకపోయాయి. ఆ చెయ్యి చివరిసారి పట్టుకున్నది నన్నే.

కిందికి జనం ఉరికొచ్చారు. "పాత మోకు. చీకింది" అన్నాడు సోమనర్సయ్య. మెడ విరిగిన మనిషి అంత తొందరగా అబద్ధం ఎలా కూర్చుకున్నాడో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. తమ్ముడు ఆయన తల ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తున్నాడు. బహుశా అందుకే.

మెడ కింద ఏదీ మిగల్లేదు. మంచం, కిటికీ, భార్య అనసూర్య. ఏడాది గడిచాక ఇలా మంచాన పడ్డవాళ్ళకు సాయం చేసే మేడం ఒకామె పట్నం నుంచి పాత లాప్‌టాప్ తెచ్చింది. పళ్ళతో కర్ర పట్టుకుని మీటలు నొక్కవచ్చని చూపించింది. ఆమె తెచ్చిన ప్లాస్టిక్ కర్ర బరువు. పావుగంటకే దవడ గుంజేది. అది చూసి ఉపేందర్ పోయి గూనిచెట్టెక్కాడు. చేతికందింది నేనే. అరుగు మీద కూర్చుని అన్న గీతకత్తితోనే నా పళ్ళన్నీ చెక్కేశాడు. గాజుపెంకుతో నున్నగా గీకాడు. ఒక కొసకు మెత్తటి గుడ్డ చుట్టి, రెండో కొసకు సైకిల్ ట్యూబు ముక్క తొడిగాడు. నన్ను అన్న నోటికి అందించి, "మంచిగున్నదా అన్న?" అన్నాడు. ఆయన తలాడించాడు. నేను ఏ చెట్టుదాన్నో ఆయన అడగలేదు. నాలుకకు తెలిసే ఉంటుంది.

అప్పటి నుంచి నా చోటు ఆయన నోరే. ఒక్కో మీటకూ మెడ వంచాలి, పొడవాలి, లేపాలి. రెండు మీటలు కలిపి నొక్కాల్సి వస్తే, మొదటిది నొక్కి వదిలినా పట్టుకుని ఉండేలా మేడం లోపల ఏదో సరిచేసి పోయింది. ఇరుగుపొరుగు చూడవచ్చేవాళ్ళు. "మా సోమన్న కోడి లెక్క పొడుస్తుండు" అని నవ్వేవాళ్ళు. అనసూర్య ఊరుకునేది కాదు. "నోట్ల పుల్ల వెట్టినంకనే నా మొగడు మర్యాదగైండు. ఒక్క మాట అంటలేడు" అనేది. నవ్వుతూనే ఆయన గడ్డం మీద జారిన ఉమ్మి కొంగుతో తుడిచేది.

నేను నోట్లో ఉంటే ఆయన మాట్లాడలేడు. మాట్లాడాలంటే నన్ను వదలాలి. వదిలితే మళ్ళీ ఎవరో ఒకరు వచ్చి అందించాలి. అందుకని ఏది ముఖ్యమో రోజంతా ఎంచుకుంటూ ఉండేవాడు.

మూడేళ్ళు తిరిగాక గీత సంఘం ఆయన చెట్లను ఉపేందర్‌కు ఇచ్చింది. శుక్రవారం నుంచి ఎక్కాలి. ఆ మాట విన్న రోజే సోమనర్సయ్య రాయడం మొదలుపెట్టాడు. తనకు తెలిసిన ప్రతి చెట్టునూ తమ్ముడి కోసం రాశాడు. బాయి కాడిది: సగం కాడ కందిరీగలున్నయి, పొగ వెట్టి ఎక్కు. జంట చెట్లల్ల కుడిది: పడమటి మట్టలు వట్టివి, చెయ్యి వెయ్యకు. మాట చెబితే తనే రాసుకునే ఏర్పాటు కూడా ఆ పెట్టెలో ఉందని మేడం చెప్పింది. ఆయన వాడలేదు. ఒంటిగది ఇల్లు. గట్టిగా అంటే అనసూర్య వింటుంది.

ఆమె వినకూడని మాట ఒకటి చివరన మిగిలింది. అది రాయాలా వద్దా అన్నది తేలలేదు. రాశాడు, చెరిపాడు. మర్నాడూ రాశాడు, చెరిపాడు. చెరిపేటప్పుడు నన్ను ఒకే మీట మీద అదిమిపెట్టేవాడు. ఆ రాత్రులు ఆయన నిద్రపోలేదు.

బుధవారం మధ్యాహ్నం కిటికీలోంచి బయటికి చూశాడు. వాకిట్లో ఉపేందర్ చెట్లెక్కడానికి తెచ్చిన కొత్త మోకుతో గడ్డిమోపులు బిగించి ట్రాక్టరుకు కడుతున్నాడు. కాలితో తన్నిపట్టి మరీ గుంజుతున్నాడు. ఏదో పాట కూడా పాడుకుంటున్నాడు. సోమనర్సయ్య పళ్ళు నాలోకి దిగాయి. చెబితే తమ్ముడు బతికినన్నాళ్ళూ ఆ బరువు మోస్తాడు. చెప్పకుంటే ఎన్నాళ్ళో బతకడు.

ఆ సాయంత్రం రాసింది చెరపలేదు.

గురువారం పొద్దుగూకేముందు ఉపేందర్ వచ్చాడు. మోకు భుజాన ఉంది. "ఇగ మొత్తం రాసినవా అన్న? పంతులు లెక్క పరీక్ష వెడుతవా ఏంది?" అని నవ్వుతూ తెర ముందు కూర్చున్నాడు. ఒక్కో చెట్టూ పైకే చదివాడు. కందిరీగల దగ్గర, "గీ సంగతి నాకు తెల్వనే తెల్వదు" అన్నాడు. చివరికొచ్చేసరికి పైకి చదవడం ఆపాడు. అక్కడ ఇలా ఉంది:

మోకుతో బండి గుంజకు. గడ్డి కట్టకు. ఎక్కేముందుగాల పేట పేట విప్పి చూడు. ఆ రోజు నేను చూడలే.

భుజం మీది మోకు జారి కింద పడింది.

"అన్నా... గా బురదల బండి..." అన్నాడు. తర్వాత అడిగాడు, "నీకు అప్పుడే ఎర్కేనా?"

సోమనర్సయ్య నన్ను వదిలితే జవాబు చెప్పవచ్చు. వదల్లేదు. మునుపెన్నడూ లేనంత గట్టిగా కొరికి పట్టుకున్నాడు. కళ్ళ నీళ్ళు నా మీదుగా జారి గుడ్డలోకి ఇంకాయి. ఆ గాటు ఇప్పటికీ నాకుంది. తక్కిన గాట్ల కన్నా లోతు.

అనసూర్య గడపలో నిలబడి ఉంది, చేతిలో అన్నంగిన్నె. ఎంత విన్నదో నాకు తెలియదు. ఆమె ముఖం చూస్తే మొత్తం విన్నట్టే ఉంది. మరిది వైపు ఒకసారి, కింద పడ్డ మోకు వైపు ఒకసారి చూసింది. ఒక అడుగు వెనక్కి వేసింది. తర్వాత లోపలికొచ్చి మంచం పక్కన గిన్నె దించింది. రోజూ భర్తకు తినిపించాకే తాను తింటుంది. ఆ రోజు మూడు పళ్ళేలు పెట్టింది. అన్నం వడ్డించి పప్పుచారు పోసింది. మరిది పళ్ళెం మీద గరిటె కాసేపు ఆగింది. అక్కడా పోసింది.

ఉపేందర్ లేచి అన్న నోటి నుంచి నన్ను మెల్లగా తీశాడు. కడిగి, తుడిచి, కిటికీలో పెట్టాడు. చేతులు కడుక్కొచ్చి అన్నం కలిపి మొదటి ముద్ద అన్న నోటికి అందించాడు. మెతుకులు మెడ మీద పడితే అనసూర్య తీసింది.

ఇప్పుడు ఆ నోట్లో నేను లేను. ఏమైనా అనవచ్చు. ఆయన ముద్ద నమిలి, మింగి, మళ్ళీ నోరు తెరిచాడు. ఉపేందర్ ఇంకో ముద్ద పెట్టి, తనూ ఒకటి తిన్నాడు. అనసూర్య తల వంచుకుని తింది. ముగ్గురూ గిన్నె ఖాళీ చేశారు.