అలసిన కణం

మనవరాలి పాలసీసాలు కడుగుతూ మధ్యలో మళ్ళీ మళ్ళీ నీళ్ళు తాగుతుంటే, కోడలు అలేఖ్య నా మొహంలోకి చూసింది. "అలా వాడిపోయారేంటి అత్తయ్యా? షుగరు మాత్రలు వేసుకుంటున్నారా?"

అమెరికాలో అబ్బాయి వాళ్ళుండే అల్ఫారెట్టాకి వచ్చేటప్పుడు మా ఆయనకీ నాకూ సరిపడా మాత్రలు తెచ్చుకున్నాం. పసిదాని కోసం ఇంకొన్నాళ్ళు ఉండిపోయేసరికి అవి తగ్గిపోయాయి. "ఇద్దరిదీ ఒకటే మందు కదా, నీవి ఇటివ్వు. నాకేమన్నా అయితే నువ్వేమైపోతావు?" అన్నారు మా ఆయన. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అబ్బాయి కారు తీసినా, ఫోను మోగినా చెడే తోచే మనిషిని. నా డబ్బా ఆయన చేతిలో పెట్టేశాను. పిల్లలకు ఇబ్బందని చెప్పనే లేదు.

అలేఖ్య నా వేలు గుచ్చి షుగరు చూసింది. మూడు వందలు దాటింది. నా మాత్రలు ఆయనకిచ్చేశానని చెప్పక తప్పలేదు. పసిదాన్ని ఎవరు చూస్తారు, ఈయనకు ఎవరు వండిపెడతారు అనుకున్నానే గాని, నేనేమవుతానన్న ఊహ ఎక్కడో చివరికి వచ్చింది.

"దానికున్నది కొంచెం షుగరేనమ్మా. పొద్దస్తమానం ఇంట్లో తిరుగుతూనే ఉంటుంది, అదే వ్యాయామం," అన్నారు ఆయన సోఫాలోంచి.

"మీరూ రోజూ వాకింగ్‌కి వెళ్తారుగా మావయ్యా, మరి మీకెందుకు మాత్రలు?"

ఆయన టీవీ సౌండు పెంచారు.

క్లినిక్‌కి డ్రైవ్ చేస్తూ అలేఖ్య తన ఉద్యోగం గురించి చెప్పింది. గుండె కణాల మీద పనిచేసే ల్యాబ్ అట. "కణం మీద భారం ఎక్కువైతే లోపల్లోపలే స్ట్రెస్ అయిపోతుంది అత్తయ్యా. అలాగే వదిలేస్తే చచ్చిపోతుంది. మీ షుగరు మందు ఆ స్ట్రెస్ తగ్గించి గుండెని కూడా కాపాడుతుందేమోనని చూస్తున్నాం. ఇంకా గట్టిగా చెప్పలేం అనుకోండి. షుగరుకైతే మాత్రం మానకూడదు."

నేను చదివింది ఎనిమిదో తరగతి. అంతా అర్థమైందనను. కంటికి ఆనని కణం అలసిపోయిందేమోనని ఇంతమంది కూర్చుని చూస్తారట! ఇన్నేళ్ళ కాపురంలో నేను అలసిపోయానని కనిపెట్టింది మాత్రం ఈ పిల్లే. కళ్ళు తుడుచుకుని దాని భుజం మీద చెయ్యి వేశాను.

"ఏడవకండత్తయ్యా, నేనూ ఏడిస్తే రోడ్డు కనబడదు," అంది.

కొత్త మాత్రలు అన్నంతోపాటే వేసుకోవాలన్నారు క్లినిక్‌లో. సాయంత్రం అందరికంటే ముందు కంచం పెట్టుకుని కూర్చున్నాను. ఆయన వచ్చి నిలబడ్డారు.

"నాకు వడ్డించవా?"

"కుక్కరు అక్కడే ఉందండీ," అన్నాను ముద్ద కలుపుకుంటూ. "నేను మందు వేసుకోవాలి."