పలకలు లేని వీధి

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగిన ఆ ఆగస్టులో, జహ్రాలోని ఆ ఇంట్లో ముగ్గురే మిగిలారు. పనివాళ్లంతా అమ్మా అన్నట్టు 'మామా' అని పిలిచే ఇంటి యజమానురాలు హెస్సా, రాయచోటి వైపు నుంచి వచ్చిన పనిమనిషి సంజీవమ్మ, కోనసీమ డ్రైవరు సూరిబాబు. మామా కొడుకులు సౌదీకి వెళ్లిపోయారు. ఆమె మాత్రం కదలనంది. "నా ఇల్లు నేనెందుకు వదలాలి?" అన్న ఆ మాట సంజీవమ్మకు భలే నచ్చింది.

బయటికి పోయే వీల్లేక, ఓ మధ్యాహ్నం మామా తన కొడుకు అలమారలోని వీడియో క్యాసెట్ ఒకటి పెట్టింది. జపాన్ సినిమా. వెనకటి రోజుల్లో ఇద్దరు ప్రభువులు కొట్టుకుంటుంటే నడుమ నలిగిన ఓ ఏటిగట్టు ఊరి కథ. కింద అరబ్బీ అక్షరాలు వస్తుంటే మామా చదివి చెప్పింది. కత్తి పట్టిన వీరుడు ఎప్పుడొస్తాడా అని సంజీవమ్మ కాచుకుని కూర్చుంది. ఎవడూ రాలేదు. సైన్యం వస్తోందని తెలిసి, చేపలమ్ముకునే ఆడవాళ్లే వంతెన చెక్కలు ఒక్కొక్కటిగా ఊడదీసి, పొయ్యిలో పెట్టి అన్నం వండుకున్నారు.

"తరవాత వాళ్లనేం చేసినారు మామా?"

"కొట్టారు. ఇళ్లు తగలబెట్టారు. కానీ సైన్యం ఏరు దాటేసరికి ఊళ్లో పిల్లలంతా కొండమీదికి చేరి దాక్కున్నారు."

ఆ ఆడవాళ్ల మొహాలు సంజీవమ్మ మనసులోంచి పోలేదు.

మర్నాడు ఎదురింట్లో పనిచేసే బుడేన్‌బీ పరుగున వచ్చింది. ఆ ఇంటి పెద్దబ్బాయి డాక్టరు. దెబ్బలు తగిలిన కువైటీ కుర్రాళ్లకు చాటుగా వైద్యం చేస్తున్నాడని సైనికులకు తెలిసిపోయిందట.

"పక్క బజార్లో ఇంటి నంబరు చెప్పి అడుగుతాండారక్కా. ఇంగ ఈడికొస్తారు!"

సంజీవమ్మ గేటు వైపు చూసింది. గోడమీద నీలం రేకు పలక, దానిమీద తెల్లటి నంబరు. వీధిలో ప్రతి ఇంటికీ అలాంటిదే.

"అన్నా, కార్లో స్క్రూడ్రైవరుందా?"

సూరిబాబు హడలిపోయాడు. "మనకెందుకు చెల్లెమ్మా ఈ గొడవ? పొట్టకూటికి వచ్చినోళ్లం. కాల్చేత్తారు!"

"కాల్చనీ. రోజూ నాకు సలాం చెప్పే పిల్లోడు ఆ డాక్టరు. నువ్విస్తావా, నన్నే తీసుకోమంటావా?"

ఎండ మండిపోతోంది. కాపలా సైనికులు వీధి మొగలో నీడన చతికిలబడ్డారు. సంజీవమ్మ చెత్తసంచి భుజాన వేసుకుని బయల్దేరింది. చెత్త ఎత్తే పనిమనిషిని ఎవరు చూస్తారు? పలక విప్పడం, సంచిలో పడేయడం. కాలిన రేకు వేళ్లకు బొబ్బలెక్కించింది. సగం వీధి అయ్యేసరికి అవతలి కొస నుంచి సూరిబాబు, వంటింటి చాకుతో పలకలు విప్పుకుంటూ వస్తున్నాడు, ఒళ్లంతా చెమట.

జీపు వచ్చేసరికి ఆమె గేటు ముందు ఊడుస్తోంది.

"ఈ ఇంటి నంబరెంత?" అన్నాడు అధికారి.

"నాకు చదువు రాదు."

"పలకలేమయ్యాయి?"

"గాలికి పోయినాయేమో."

చెంప ఛెళ్లుమంది. పెదవి చిట్లింది. ఆమె చీపురు వదల్లేదు.

"డాక్టరు ఇల్లేది?"

"ఇండ్లన్నీ ఒకటే మాదిరుండాయి. మీరే ఎతుక్కోండి."

వాళ్లు తలుపులు బాదుకుంటూ తిరిగారు. తమ నంబరేదో ఏ ఇంటివాళ్లూ చెప్పలేదు. ఈలోగా డాక్టరు వెనక గోడ దూకాడు. మనకెందుకన్న సూరిబాబే అతన్ని కారు వెనక సీటు కింద పడుకోబెట్టి ఊరు దాటించాడు.

మామా తడిగుడ్డతో సంజీవమ్మ నెత్తురు తుడుస్తూ ఏడ్చింది. "మా కోసం దెబ్బ తిన్నావు."

"నా చెంప, నా ఇష్టం," అంది సంజీవమ్మ. "ఏడవాకు మామా. వెనక బజార్లో పలకలు అట్లే ఉండాయి."

మర్నాడు ఎండ ముదిరాక ఆమె ఇంకో సంచి తీసుకుని వెనక వీధికి వెళ్లింది. మొదటి గేటు దగ్గర అప్పటికే బుడేన్‌బీ స్టూలెక్కి నిలబడి, పలక మరమేకును వంటకత్తి మొనతో విప్పుతోంది.